దాటేసిన బొగ్గుగది

టాటానగర్ బారిడీహ్‌లో తెలుగువాళ్లు కట్టుకున్న రామమందిరాన్ని ఆనుకుని ఒక హాలుంది. శనివారం మధ్యాహ్నం ఇంటిపనులు తెమిలాక ఆడవాళ్లు అక్కడ చేరతారు. ఒళ్లో పత్తి పెట్టుకుని, స్వామికి వారమంతా సరిపడా వత్తులు చేస్తారు. చేతులు ఆడుతుంటే చెవులు ఖాళీగా ఉండడమెందుకని ఒకరు ఏదో ఒకటి చదివి వినిపించాలి. ఆ ఒకరు చాలా ఏళ్లుగా ఈశ్వరే.

మిగిలినవాళ్లలో ఎక్కువమంది ఈ ఊళ్లోనే పుట్టి హిందీ బళ్లో చదివినవాళ్లు. నోటికి తెలుగు వస్తుంది గాని కంటికి రాదు. ఈశ్వరి పాలకొండ దగ్గర పల్లెలో ఐదో తరగతి చదివి, టాటానగర్ రైల్వేలో పనిచేసే ఫిట్టర్ని చేసుకుని ఇక్కడికొచ్చింది. భర్త పోయాక కొడుకు దగ్గర ఉంటోంది. హాల్లో ఫ్యాన్ కింద చోటు ఎప్పుడూ మోకాళ్ల నొప్పులున్న వాళ్లకే వదిలేస్తుంది. చదువుతూనే ఎవరి గొంతు ఎండిందో కనిపెట్టి, మాట ఆపకుండా నీళ్ల చెంబు అటు జరుపుతుంది.

ఆమెకొక నియమం ఉంది. ఊళ్లో అయ్యవారు నేర్పిందే. పురాణం ఏడుపు దగ్గర ఆపకూడదు. రాముడు అడవికి వెళ్లే చోట పుస్తకం మూస్తే విన్నవాళ్ల ఇంట దుఃఖం నిలిచిపోతుందట. అందుకని ఏదో ఒక శుభం వచ్చేదాకా లాక్కెళ్లి, అప్పుడు మంగళం పాడి, నానబెట్టిన శనగలు ప్రసాదం పంచుతుంది. "ఇంట్లో కూర మాడిపోయినా సరే, ఈస్సరొదిన సీతమ్మోర్ని అసోకవనంలో వొగ్గీసి ఇంటికెల్లదు" అని జగదాంబ ఆటపట్టిస్తుంది.

ఆ వేసవిలో ఒక కొత్త పుస్తకం సంగతి ఊళ్లో పాకింది. సీతారాండేరాలో పెరిగిన ఉమామహేశ్వరి అనే ఆవిడ, ఇప్పుడు విశాఖలో నర్సు, తన చిన్నతనం గురించి రాసిందట. మన ఊరిపిల్ల పుస్తకం రాసిందని అందరికీ గొప్పగా అనిపించింది. ఈశ్వరి మనవరాలు యోగిత ఫోన్లో తెప్పించి, "దాదీ, ఆగయీ తుమ్హారీ కితాబ్" అని పుస్తకం చేతిలో పెట్టింది. పండగలూ, ఫ్యాక్టరీ సైరనూ, పాత వీధులూ ఉంటాయనుకుని ఈశ్వరి ముందుగా తిరగేయకుండానే హాలుకు పట్టుకెళ్లింది.

మొదటి శనివారం పండగలూ సైరనూ ఉన్నాయి. రెండో శనివారానికి ఉమ తల్లి పోయింది, పిల్ల మేనమామ ఇంటికి చేరింది. అత్త చెయ్యి చేసుకోవడం మొదలుపెట్టింది. కర్ర విరిగింది. ఇంకో కర్ర వచ్చింది.

హాలు రెండుగా చీలిపోయింది.

"ఇంటి గుట్టు బజార్లో ఎట్టీసింది. ఎట్టిన కూడైనా గుర్తులేదేటి?" అంది ఒకామె.

"దెబ్బలు తినకుండా ఎవలు పెరిగారే?" అని జగదాంబ నవ్వింది. "మా అయ్య బెల్టు తీత్తే నాను జుగ్‌సలాయి దాకా లగెత్తీదాన్ని. దెబ్బకో పుస్తకం రాసీమంటే నా పేరున ఓ లైబ్రరీ కట్టాల!"

అందరూ పగలబడి నవ్వారు. తర్వాత ఎవరి దెబ్బలు వాళ్లు చెప్పుకున్నారు, ఎవరివి పెద్దవని పందెం కట్టినట్టు. గోడవారగా కూర్చున్న దాలమ్మ మాత్రం నవ్వలేదు. డెబ్బై దాటిన మనిషి, హాల్లో అందరికీ 'అప్ప', అంటే పెద్దక్క, సీతారాండేరా నుంచి ఆటోలో వస్తుంది, ఏం చదివినా మెచ్చుకోదు, తప్పుపట్టదు. ఆ వేళ మాత్రం తలెత్తి, "ఆ రాత్రి ఆ గుంటకి కూడెట్టారా, ఈస్సరీ?" అని అడిగింది.

"రాయలేదప్పా" అంది ఈశ్వరి.

"అయితే ఎట్టలేదు" అని దాలమ్మ మళ్లీ పత్తి అందుకుంది.

మూడో శనివారం చుట్టాల కోసం దాచిన లడ్డూ తిన్నందుకు అత్త ఉమను వంటింటి వెనక బొగ్గుగదిలో పెట్టి గొళ్లెం వేసింది. ఈశ్వరి పేజీ తిప్పింది. అక్కడా బొగ్గుగదే. హాలుకు తాళం వేయడానికి గుడి కాపలాదారు పోలరాజు వచ్చే వేళవుతోంది. ఇక్కడ ఆపడం ఎలా? విన్నవాళ్లంతా ఈ చీకటి మూటగట్టుకుని ఇళ్లకు వెళ్లడమేనా? ఆమె చప్పుడు కాకుండా ఒక గుప్పెడు పేజీలు దాటేసింది. ఉమ పెళ్లి కనిపించింది. మంచి పిల్లవాడు, మల్లెపూలు, అన్నవరంలో వ్రతం. గొంతు సవరించుకుని అది చదివి, మంగళం పాడింది.

"పోన్లెండి, చివరికి సుకపడింది" అని అందరూ శనగలు అందుకున్నారు. దాలమ్మ చెయ్యి చాపలేదు. చేసిన వత్తులు పళ్లెంలో పెట్టి వెళ్లిపోయింది. తర్వాతి శనివారం రాలేదు. ఆ పైవారమూ రాలేదు.

ప్రసాదం వద్దని వెళ్లిన మనిషి ఈశ్వరికి నిద్దట్లో కూడా కనిపించింది. తన చదువు వల్ల ఒకరికి గుడి దూరమైతే ఇక ఆ చదువెందుకు? సోమవారం పొద్దున్నే పుస్తకం సంచిలో పెట్టుకుని సీతారాండేరా వెళ్లింది.

దాలమ్మ గుమ్మంలో బెండకాయలు తరుగుతోంది. లేవలేదు గాని పీట జరిపింది.

"ఒంట్లో బాగోలేదేటప్పా?"

"బానే ఉంది."

"మరి రావేటి?"

దాలమ్మ కత్తిపీట పక్కన పెట్టింది. "నువ్వు పేజీలు దాటీసినావు. నాకు చదువు రాకపోవచ్చు, కాయితం చప్పుడు తెలుత్తాది. ఆ గుంట ఇంకా గదిలోనే ఉందే ఈస్సరీ. గొల్లెం తియ్యకుండా పెల్లి చేసీసినావు."

ఈశ్వరి సంచిలోంచి పుస్తకం తీసింది.

"ఎవలు తీసినారో ఇందారని కూకున్నాను. అదొక్కటే."

"నాకూ తెలీదప్పా. నేనూ చదవలేదు."

"చదువు అయితే."

ఆ గుమ్మంలోనే ఈశ్వరి చదివింది. ఎవరో ఒకరు వచ్చి తీసి ఉంటారు, పక్కింటావిడో, మేనమామో అనుకుంటూ చదివింది. ఎవరూ రాలేదు. తెల్లారాక అత్తే గొళ్లెం తీసి, ఏమీ జరగనట్టు, "అంట్లు పడున్నాయి" అంది. ఉమ మసి చేతులతోనే కూర్చుని అంట్లు తోమింది.

దాలమ్మ వీధిలోకి చూసింది. ఆమె ముఖంలో బాధ కన్నా, దారి తప్పినచోట తెలిసినవాళ్లు ఎదురైనప్పటి నెమ్మది కనిపించింది.

"అవును. అలాగే తీత్తారు" అంది.

ఈశ్వరి కత్తిపీట తన వైపు లాక్కుని మిగిలిన బెండకాయలు తరిగింది. లేచేముందు, "శనివారం ఆ పేజీలు అందరికీ చదువుతాను. నువ్వు రావాల" అంది.

"జగదాంబ ఊరుకోదు."

"ఊరుకోకపోతే నవ్వుతాది. నవ్వనీ."

శనివారం దాలమ్మ వచ్చింది. ఈశ్వరి పుస్తకం తెరిచి, "ఆ వేళ నేను కొన్ని పేజీలు దాటీసాను. మీకు మంచిదనుకున్నాను. అది కథ రాసినామెకి అన్యాయం" అని చెప్పి చదవసాగింది. బొగ్గుగది రాత్రంతా చదివింది. అంట్ల దగ్గర ఆ అధ్యాయం అయిపోయింది. ఆమె పుస్తకం మూసింది.

"అదేటొదినా! ఇక్కడాపీసినావు?" అని జగదాంబ కంగారుపడింది. "మంచిది రానీ. మంగలం పాడాల కదా."

"రామయ్యేం కోపగించుకోడులే. ఆ పిల్ల చెప్పింది ఒక్క పూట మన దగ్గర ఉండనిద్దాం."

ఒకామె, "ఎంత కొట్టినా అత్తే కదా..." అని మొదలుపెట్టి తనే ఆపుకుంది.

దాలమ్మ గోడకు ఆనుకునే ఉంది. "మాకు బొగ్గుగది లేదు. మేకల సాల ఉండీది" అంది.

అందరూ అటు తిరిగారు. జగదాంబ నాలుక చివరికి ఏదో పరాచికం వచ్చింది, ఈశ్వరి చూసింది. కాని జగదాంబ దాన్ని మింగేసి, ఒళ్లో పత్తి కింద పెట్టి, మోకాళ్ల మీద పాక్కుంటూ గోడ దగ్గరికి వెళ్లి కూర్చుంది.

"ఎవలింట్లో, అప్పా?"

"మా పిన్నింట్లో. నాకప్పుడు పాలపల్లు కూడా ఊడలేదు."

పోలరాజు తాళాల గుత్తి పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. లోపల చూశాడు. ఎవరూ లేవలేదు. ఏమనుకున్నాడో, తాళాలు చప్పుడు కాకుండా గుప్పిట్లో బిగించి, బయట మెట్ల మీద చతికిలపడ్డాడు.

"సెప్పప్పా, ఇంటన్నాం" అంది జగదాంబ.

దాలమ్మకు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియలేదు. ముందుగా ఆ మేకల పేర్లు చెప్పింది.