సప్తమి నాటి కళ్ళజోళ్ళు

కంప్యూటరున్న గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళే రోజులవి. ఎనభైల చివర్లో నందిగామ మెయిన్ రోడ్డు మీద, ఎరువుల దుకాణం పైన ఉన్న మేడగదిలో అలాంటి గది ఒకటుండేది. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మేష్టారు పెట్టిన కంప్యూటర్ సెంటర్ అది. డిగ్రీ పూర్తిచేసిన నేను జగ్గయ్యపేట నుంచి రోజూ బస్సెక్కి వెళ్ళి అక్కడ టైపు చేసేదాన్ని. నా మొదటి ఉద్యోగం. ఎవరితోనైనా ఒక మాట అనాలంటే ముందురోజు నుంచీ మనసులో వల్లె వేసుకునే రకం నేను. పైకి అనలేకపోయినవన్నీ తిరుగు బస్సులో డైరీకెక్కేవి. (ఇంట్లో వదిలితే చెల్లెలు చదివేస్తుందని ఆ డైరీ ఎప్పుడూ నా సంచిలోనే ఉండేది. అందుకే చాలా పేజీలకి ఆవకాయ వాసన.)

మా కంప్యూటర్‌కి జ్ఞాపకశక్తి కాస్త తక్కువ. రాత్రి ఆపేస్తే పొద్దున్నకి ఏ రోజో మరిచిపోయేది. స్విచ్చి వెయ్యగానే "ఈ రోజు తేదీ ఎంత?" అని ఇంగ్లీషులో అడిగేది. మేష్టారు "నీకెందుకే" అన్నట్టు ఎంటర్ నొక్కేవారు. అప్పుడది తనకు తోచిన తేదీ వేసుకునేది: పంతొమ్మిది వందల ఎనభై, జనవరి ఒకటి. దాని లెక్కలో ప్రపంచం రోజూ ఆ రోజే మొదలయ్యేది. మేం దాచిన ఫైళ్ళన్నీ ఆ తేదీనే పుట్టిన పిల్లలు. అందుకని ఏ ఫైలు ఏ రోజుదో పేరునిబట్టే తెలియాలి. పేరుకేమో ఎనిమిది అక్షరాలు, చుక్క తర్వాత మరో మూడు, అంతకంటే చోటు లేదు. దానికి మేష్టారు కనిపెట్టిన మార్గం పంచాంగం. సాయంత్రం పని ముగిశాక, అప్పడంలాంటి ఆ నల్ల ఫ్లాపీ నుంచి ఇంకో ఫ్లాపీ మీదికి నకలు తీసి, దానికి ఆనాటి తిథి పేరు పెట్టేవారు. చవితి, పంచమి, షష్ఠి, చుక్క తర్వాత శుద్ధమో బహుళమో. "ఇంగ్లీషు తేదీ మనిషి పెట్టింది అమ్మాయ్. తిథి చంద్రుడు పెట్టింది, తప్పదు" అనేవారు.

చంద్రుడు తప్పడు నిజమే, కానీ నెల తిరక్కుండానే మళ్ళీ అదే తిథితో వస్తాడు కదా అని నాకు అనుమానం. ఈ నెల పంచమి నకలు పోయిన నెల పంచమి నకలు మీద కూర్చుని దాన్ని తుడిచేస్తుంది. పైగా అష్టమి, నవమి మంచివి కావని ఆ రెండు రోజులూ నకలే తీసేవారు కాదు. ఇదంతా ఆయనకి చెప్పాలని నాలుగు సార్లు వల్లె వేసుకున్నాను. నాలుగు సార్లూ డైరీలోనే చెప్పుకున్నాను. ఇంకో అలవాటు కూడా ఉండేది. నకలు తీశాక ఆ ఫైలు ఎంత పొడుగుందో కంప్యూటర్ ఒక అంకె చూపించేది. రోజంతా నాతో అది ఆడిన మాట అదొక్కటేనని, ఆ అంకెని కూడా డైరీలో రాసుకునేదాన్ని.

ఇలా ఉండగా మా జగ్గయ్యపేటలో ఒక డాక్టరుగారు ఉచితంగా కళ్ళ పరీక్షల శిబిరం పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన మూడువందల పన్నెండు మంది ముసలివాళ్ళ పేర్లూ, వాళ్ళకి కావాల్సిన అద్దాల నంబర్లూ టైపు చేసే పని మాకొచ్చింది. అందులో మా నాయనమ్మ కూడా ఉంది. జాబితా చూసి బెజవాడలో కళ్ళజోళ్ళు తయారుచేస్తారు. పేర్లన్నీ ఎక్కించడం మొదటి నెలలోనే అయిపోయింది. రెండో నెలంతా డాక్టరుగారి దగ్గరి కాంపౌండర్ వచ్చి, మళ్ళీ చూసిన కళ్ళ నంబర్లు శిబిరం చీటీల మీంచి చదువుతూ ఉంటే నేను దిద్దుతూ ఉన్నాను. దిద్దుడు పూర్తయ్యాక మేష్టారు శిబిరం చీటీలన్నీ కట్టగట్టి బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీల బండికి ఇచ్చేశారు. "కంప్యూటర్లో పడ్డాక కాగితమెందుకు?" అని చిరునవ్వు కూడా నవ్వారు.

దిద్దుడు ముగిసింది సప్తమి నాడు. ఆ తర్వాత రెండు రోజులూ అష్టమి, నవమి కాబట్టి ప్రింటు తియ్యకూడదన్నారు. దశమి నాడు ఆయన మైలవరంలో పెళ్ళికి వెళ్ళారు, సెంటర్‌కి తాళం. ఏకాదశి మంచిదని, ఆ పొద్దున ఉపవాసంతో వచ్చి, జాబితా ఉన్న అసలు ఫ్లాపీని కళ్ళకద్దుకుని లోపల పెట్టారు. కంప్యూటర్ గరగరమని గొంతు సవరించుకుని, చదవడం నా వల్ల కాదంది. తీసి, తుడిచి, మళ్ళీ పెట్టారు. మళ్ళీ అదే మాట. రెండు గంటల బస్సుకి జాబితా పట్టుకుని బెజవాడ వెళ్ళాల్సిన కాంపౌండర్ బెంచీ మీద కూర్చుని చూస్తున్నాడు. డాక్టరుగారు మళ్ళీ శిబిరం పెట్టేది వచ్చే ఏడే. అంటే మూడువందల పన్నెండు మందికి ఇంకో ఏడాది మసక. రోజూ సాయంత్రం నేను గుమ్మంలో అడుగు పెట్టగానే "నా కళ్ళజోడేదే?" అని స్తంభం వైపు చూస్తూ అడిగే మా నాయనమ్మకి కూడా.

మేష్టారు ముందు కాంపౌండర్ని బజ్జీల బండి దగ్గరికి తరిమారు. అతను పావుగంటలో ఒక చీటీతో వచ్చాడు. అందులో నాలుగు బజ్జీలు కూడా ఉన్నాయి. ("ఊరికే ఇవ్వనన్నాడండి" అన్నాడు.) నూనెలో పేరు సగం మునిగింది, నంబరు పూర్తిగా మునిగింది. ఉపవాసమున్న మేష్టారు ఆ బజ్జీల వంక చూడకుండా ఉండడానికి కిటికీలోంచి రోడ్డు చూశారు. తర్వాత నకళ్ళ ఫ్లాపీ పెట్టారు. తెర మీద తిథులన్నీ వరసగా వచ్చాయి, అన్నిటికీ అదే తేదీ, ఎనభై జనవరి ఒకటి. అన్నిట్లోనూ అవే మూడువందల పన్నెండు పేర్లు. నంబర్లు మాత్రం అక్కడక్కడా వేరు. ఏది దిద్దినదో, ఏది దిద్దనిదో చూసి చెప్పగలిగే చీటీలన్నీ బజ్జీల కిందికి పోయాయి.

"ఇదిగో దశమి. సప్తమి కంటే మూడు రోజులు తర్వాతది. ఇదే ఆఖరుది" అని మేష్టారు ప్రింటర్‌లో కాగితం ఎక్కించబోయారు.

దశమి నాడు ఆయన మైలవరంలో పెళ్ళిపీటల ముందున్నారు. ఆ దశమి పోయిన నెలది. అది ప్రింటయితే నంబరు మారిన ముసలివాళ్ళందరికీ సరిపడని అద్దాలొస్తాయి. వల్లె వేసుకోవడానికి టైము లేదు.

"అది కాదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"ఏది కాదమ్మాయ్?"

"దశమి మీరు పెళ్ళికెళ్ళారండి. సెంటర్ తియ్యలేదు. అది పోయిన నెలదండి. సప్తమిది తియ్యాలండి."

"మరి ఆ సప్తమి మాత్రం పోయిన నెలది కాదని ఏంటి నమ్మకం?" ఆయన లెక్కల మేష్టారు. ఋజువు లేకుండా మార్కులు వెయ్యరు.

ఋజువు నా సంచిలో, టిఫిన్ డబ్బా కింద ఉంది. తియ్యకపోతే నాయనమ్మ కళ్ళు పోతాయి, తీస్తే నా ఉద్యోగం పోతుంది. ఎందుకంటే ఆ పేజీలో ఉన్నది అంకె ఒక్కటే కాదు. తీశాను. పేజీ తిప్పి అంకె మీద వేలు పెట్టి, కింది భాగం అరచేత్తో మూసి చూపించాను. "చెయ్యి తియ్యమ్మా, లెక్క సగం చూస్తే ఎలా?" అని ఆయన డైరీ తన చేతిలోకి తీసుకున్నారు. అందులో ఇలా ఉంది: "ఇవాళ కూడా సప్తమేనట, వరసగా రెండో రోజు. నిన్నటి నకలు మీదే ఇవాళ్టిది తీశారు. దిద్దుళ్ళు అయిపోయాయి. నాయనమ్మ కుడికంటి నంబరు కూడా మార్చాను. కంప్యూటర్ 22,784 అంది. ముహూర్తం చూసుకోకుండా మేష్టారు తుమ్మనైనా తుమ్మరేమో."

ఆయన పెదాలు కదుపుతూ చదివారు. ఆఖరి వాక్యం దగ్గర కదలడం ఆగింది. కాంపౌండర్ బజ్జీ నమలడం ఆపాడు. నేను నేల చూపులు చూస్తూ, రేపటి నుంచి ఇంట్లో ఏం చెయ్యాలా అని ఆలోచించడం మొదలుపెట్టాను.

"తుమ్ముకి ముహూర్తం ఉండదమ్మాయ్. శకునమే ఉంటుంది" అని డైరీ నా చేతికి ఇచ్చి, తెర వైపు తిరిగారు. సప్తమి ఎదురుగా 22,784 ఉంది. దశమి ఎదురుగా ఉన్న అంకె పోయిన నెల పేజీలో దొరికింది. ఫైలు తెరిచి చూస్తే నాయనమ్మ కుడికంటి నంబరు నేను దిద్దినట్టే ఉంది. ప్రింటర్ కీచుమని మొదలైంది. ఆ కీచు శబ్దం అంత హాయిగా ఉంటుందని అంతకుముందు నాకు తెలీదు. కాంపౌండర్ రెండు గంటల బస్సు పరిగెత్తి అందుకున్నాడు.

మర్నాటి నుంచి మేష్టారు పొద్దున్నే తేదీ సరిగ్గా కొట్టడం మొదలుపెట్టారు. ఫైలు పేర్లు తేదీ అంకెలయ్యాయి, నకళ్ళు రెండు ఫ్లాపీల మీదికి వెళ్ళాయి. తిథిని మాత్రం ఫ్లాపీ కవరు మీద పెన్నుతో రాసుకునేవారు, చంద్రుడు చిన్నబుచ్చుకోకుండా. రోజూ అంకె రాయడానికి నాకొక కొత్త నోటుపుస్తకం కూడా కొనిచ్చారు. "ఇందులో నా సంగతులు రాయకు" అన్నారు, అంతే. నెల తిరిగాక కళ్ళజోళ్ళొచ్చాయి. నాయనమ్మ పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసి, "ఇదేంటే, ఇంత చిక్కిపోయావు? ఆ మేష్టారు అన్నం తిననివ్వడా?" అంది.

మొన్న అటక సర్దుతుంటే ఆ డైరీ దొరికింది. ఆవకాయ వాసన పోయింది, మరక మాత్రం ఉంది. ఆ సప్తమి పేజీలో నేను అప్పట్లో గమనించని సంగతొకటి కనిపించింది. 22,784 పక్కన ఎర్ర పెన్సిల్‌తో చిన్న టిక్కు, తుమ్ము వాక్యం పక్కన అదే పెన్సిల్‌తో ప్రశ్నార్థకం. చేతిలోకి తీసుకున్న ఆ అరనిమిషంలోనే, నేను భయంతో నేల చూస్తున్నప్పుడు, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ దిద్దేశారన్నమాట. ఇప్పుడైతే తల ఎత్తి చూసేదాన్నే అనుకున్నాను. తర్వాత, ఇది కూడా ఎవరితోనూ అనకుండా ఇలా కాగితం మీదే పెడుతున్నాను కదా అని నాకే నవ్వొచ్చింది.