మిరప కల్లంలో నా పరుగు బాట

పొద్దున డాబా మీది ఎండుమిర్చి ఘాటుకి తుమ్ముతుంటే మా నాన్న కల్లం గుర్తొచ్చింది. మన ఈడు వాళ్ళకి తెలుసుగా, మిరప కోతలప్పుడు కల్లంలో కాలు పెట్టే చోటుండదు. నాన్న మాత్రం నా పరుగు సాధన కోసం కాయల మధ్య పొడుగాటి బాట వదిలేవాడు.

"ఏంది బావా, ఆడపిల్ల ఉరకటానికి కాయలు ఇరుగ్గా పోస్తావా?" అని మావయ్య నవ్వేవాడు.

"కాయలు నాలుగు రోజులు ఆలస్యంగా ఎండితే కొంప మునగదులే. పిల్ల ఉరకటం ఆపితే మళ్ళీ మొదలెట్టదు."

ఆ బాట నన్ను జిల్లా పోటీల దాకా, ఆపైన వ్యాయామ ఉపాధ్యాయిని ఉద్యోగం దాకా తీసుకెళ్ళింది.

నిన్న నా కొడుకు, పదో తరగతి పిల్లకి పరుగులేందని, మనవరాలు సాధన చేసే స్థలానికి అడ్డంగా కారు పెట్టాడు.

"ఒరేయ్, మీ తాత మిరపకాయలు జరిపాడు. నువ్వు కారు జరుపు" అన్నాను.

ఇప్పుడు పిల్ల పరుగెత్తుతోంది. కారు వీధిలో ఎండుతోంది.