పట్టుచీర తిరగేసి చూసిన మనవరాలు

నా పేరు నర్సమ్మ, వయసు డెబ్బై పైనే. కొత్తపేటలో కొడుకు, కోడలు, మనవరాలు కావ్యతో ఉంటున్నాను. వాడలో అందరూ చదవాలని, నేను చెబుతుంటే కోడలు ఈ కాగితం రాస్తోంది.

స్కూటీ మీంచి పడి కావ్య తలకు చిన్న దెబ్బే తగిలింది. గాయం మానినా పిల్ల మాత్రం మాటలు మానేసి మూల కూర్చుంది. తలకు దెబ్బ తగిలినవాళ్లలో కొందరికి ఇలా అవుతుందని, మెల్లగా కోలుకుంటుందని చెప్పి డాక్టరు దిగులు తగ్గే మందులు రాశారు. పక్కింటి యాదమ్మేమో "అవి పిచ్చి గోలీలు, పిల్ల మొద్దుబారుతది" అని వాడంతా చాటింది.

ఈ రోజు ఆ యాదమ్మే కొత్త పోచంపల్లి పట్టుచీర చూపించడానికి వచ్చింది. కావ్య లేచి వచ్చి కొంగు తిరగేసింది.

"అత్తా, గిది నేసింది కాదు, అచ్చేసింది. నేస్తే రెండు దిక్కులా ఒక్కతీరుగ ఉంటది."

"ఏందే, నా చీరకే వంక పెడుతున్నవా?"

"పెట్టనియ్యే యాదమ్మా! ఎన్నాళ్లకు నోరు తెరిచింది నా తల్లి!" అన్నాను. నాకు నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

డాక్టరు చెప్పేదాకా గోలీలు ఆపేది లేదు. కాదనేవాళ్లుంటే కింద రాయండి, చదివించుకుని జవాబిస్తాను.

ఇది నా వేలిముద్ర. సాక్షులు నా కొడుకు యాదగిరి, కోడలు సుజాత. యాదమ్మ కూడా సాక్షే కానీ, చీర వాపసు ఇవ్వడానికి దిల్‌సుఖ్‌నగర్ పోయింది, కావ్యను తోడు తీసుకుని.