చిలకమ్మకు పనస చెక్క

నర్సు ఉద్యోగం నుంచి రిటైరైన దయావతి ఒకరోజు బిస్సమ్ కటక్ బజారులో సన్యాసయ్య వడ్రంగి షాపుకి వెళ్లి, తనకూ పని నేర్పమంది. సన్యాసయ్య చేతిలో ఉలి చేతిలోనే ఉండిపోయింది.

“సూదులట్టుకున్న సెయ్యి సిస్టరమ్మా మీది. సిత్రిక పడితే బొబ్బలెక్కిపోతాది,” అన్నాడు.

“ఎక్కితే మందు రాసుకుంటాను. ఆ సంగతి నాకు తెలుసు కదయ్యా.”

ఆసుపత్రిలో మంచం కోడు విరిగినా, చేతికర్ర విరిగినా బాగుచేసేవాళ్ల కోసం కాచుకుని కూర్చోవడం ఆమెకు ఎప్పుడూ కష్టంగానే ఉండేది. ఆ పని తనకే చేతనైతే బావుండునని అప్పట్నుంచీ కోరిక. సన్యాసయ్య కాదనలేకపోయాడు. రంపాన్ని బలంతో తొయ్యకూడదన్నాడు. నార వాలున చిత్రిక పడితే చెక్క నునుపు తేలుతుందనీ, ఎదురు పడితే పెచ్చులు లేస్తాయనీ చూపించాడు. రంపపు మిషను దగ్గరికి మాత్రం చాన్నాళ్లు రానివ్వలేదు.

“కొంగు బిగించి, జుట్టు ముడేసుకుని రండి. మిషనుకి మనమెవులమో తెల్దు,” అనేవాడు రానిచ్చాక కూడా.

ఆమె చేసిన మొదటి పీటకు నాలుగు కాళ్లూ నేలకు ఆనలేదు. భర్త అమృతరావు మాష్టారు దాని మీదే అటూ ఇటూ ఒరుగుతూ కాఫీ తాగి, “పీట అడిగితే ఉయ్యాల కూడా ఇచ్చావు దయా,” అన్నాడు.

ఆ వేసవిలో, సంతవీధిలో పకోడీల బండి నడిపే చిలకమ్మకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దయావతి చూడ్డానికి వెళ్లేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

“అందరూ వచ్చి ఏడిసి ఎల్తన్నారు సిస్టరమ్మా. ఉల్లిపాయ తరుక్కోలేకపోతన్నాను, అదీ నా బాద. ఎడం సేత్తో కత్తి పడతాను. పాయ పట్టుకునీదెవులు?”

పాయను పట్టుకునేది చెయ్యే కానక్కర్లేదని దారిలో తట్టింది దయావతికి. ఇంటికి వెళ్లకుండా షాపుకే వెళ్లింది. పనస చెక్క ఒకటి ఏరుకుని రంపపు మిషను మీద కోసింది. ప్లేనరు మిషనులో పెట్టి మందం సమం చేసింది. డ్రిల్లుతో సన్నటి కన్నాలు వేసి, మొనలు పైకి వచ్చేలా అడుగు నుంచి స్టీలు మేకులు కొట్టింది. పాయను వాటికి గుచ్చితే ఇక కదలదు. అంచులు గరుకు కాగితంతో రుద్ది, కొబ్బరినూనె పట్టించింది.

తీరా చిలకమ్మ ఇంటికి తీసుకెళ్లాక, ఆమె కత్తి ఒత్తేసరికి పాయ కదల్లేదు గానీ చెక్కే బల్ల మీద నుంచి జారిపోయింది. చిలకమ్మ కత్తి కింద పెట్టేసింది.

“తప్పు చెక్కది. నీది కాదు,” అంది దయావతి.

సంగతి విని సన్యాసయ్య, “అడుగున ముందంచుకి ఓ పట్టీ కొట్టండి. బల్ల అంచుకి తన్నుకుని నిలబడిపోతాది,” అన్నాడు.

మర్నాడు చెక్క నిలబడింది. పాయ రెండు ముక్కలైంది, నాలుగైంది. ముక్కలు కొన్ని లావు, కొన్ని సన్నం. చిలకమ్మ భుజంతో కళ్లు తుడుచుకుని, “గాటు పాయ,” అంది.

“ఘాటే,” అంది దయావతి, తనూ తుడుచుకుంటూ.

వానలు పడేసరికి పకోడీల బండి మళ్లీ వీధిలోకి వచ్చింది. పిండి కలపడం కోడలి వంతు. ఉల్లిపాయల జోలికి మాత్రం చిలకమ్మ ఎవరినీ రానివ్వదు. ఆ చెక్కను చూసి కల్యాణసింగ్‌పూర్ నుంచి ఒకాయన దయావతిని వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్లమ్మకూ అలాగే చెయ్యి పడిపోయిందట.

“మీ అమ్మకి ఏం వండటం ఇష్టం?” అని అడిగింది దయావతి.

“అన్నీ వండేదండీ,” అన్నాడాయన.

“కనుక్కుని రా బాబూ. దాన్నిబట్టి చెక్క కోస్తాను.”