కొత్త పడవకి నీళ్లు తాగించిన తాత

తాతని రేవులో అందరూ పెద్దనోరు అంటారు. ఎదురుగా ఉన్నప్పుడు పెద్దాయన, వీపు తిప్పగానే పెద్దనోరు. ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరి పడవ కనపడినా దగ్గరికి వెళ్లి, గోరుతో చెక్క గీకి, "దీన్ని కట్టినవాడు పడవ కట్టాననుకున్నాడా, గేదెల తొట్టి కట్టాననుకున్నాడా?" అని అడగందే ఆయనకి తిన్నది అరగదు. ఎదుటివాడి మొహం మాడిపోతే ఇక ఆ రోజంతా హుషారే. ఇంటికొచ్చి అమ్మమ్మకి ఆ మాడిన మొహం ఎలా ఉందో నటించి చూపించేవాడు.

మావయ్యకి చిన్నప్పుడు చుక్కాని పట్టడం నేర్పింది తాతే. నేర్పడమంటే, తప్పు తిప్పినప్పుడల్లా తెడ్డుతో వీపు మీద ఒకటి వేయడం. మావయ్య ఏడిస్తే, "ఏడుపెందుకురా, సముద్రంలో ఉప్పు తక్కువైందా?" అనేవాడు. పడవలో ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వేవారు. ఆ మాట ఎంత బాగా పేలిందో తాత ఇప్పటికీ అమ్మమ్మకి చెప్పుకుంటాడు. మావయ్య మాత్రం ఎప్పుడూ చెప్పడు. అంటే మర్చిపోయాడని కాదు.

అలాంటి మావయ్య కొత్త బోటు తెచ్చాడు. ఫైబర్ బోటు. నీలం రంగు, లోపల తెలుపు, చేత్తో తడిమితే పళ్లెంలా నున్నగా జారిపోతుంది. తాత అలవాటుగా గోరుతో గీకి చూశాడు. గోరు విరిగింది.

పాత చెక్క పడవని మావయ్య గొడ్డలితో ముక్కలు చేసి పెరట్లో పేర్చాడు. అమ్మమ్మ వాటినే పొయ్యిలో పెట్టేది. తాత గుమ్మంలో కూర్చుని ఒక్కో ముక్కనీ గుర్తుపట్టేవాడు. "అది ముక్కు దగ్గరి పలకే. దానికి నేనే నార కూరి తారు పూశాను."

"అలాగా? తారు పూసిందైతే ఇంకా బాగా మండుతుంది," అని అమ్మమ్మ దాన్ని లోపలికి తోసేది.

పడవ పోయినా తాతకి ఒక ఆశ మిగిలింది. కొత్త బోటు మొదటిసారి నీళ్లలోకి వెళ్లేటప్పుడు దాని పిడి తన చేతిలో ఉండాలి. ఈ బోటుకి వేరే చుక్కాని లేదు, వెనక తగిలించిన ఇంజనుకే ఒక పిడి ఉంటుంది, దాన్ని తిప్పితే బోటు తిరుగుతుంది. అది చూసి తాత మూతి తిప్పుకున్నాడు గానీ, పిడి అంటే పిడే. మావయ్యని అడిగితే అవుననలేదు, కాదనలేదు. "చూద్దాంలే నాన్నా" అన్నాడు. తాత దాన్ని అవుననే అనుకుని రేవంతా చాటింపు వేశాడు. చేపలకి ఐసు కట్టే షెడ్డులో చెప్పాడు, వలలమ్మే కొట్టులో చెప్పాడు, టీ బండి దగ్గర రెండుసార్లు చెప్పాడు. "మొదటి చేయి నాదే. నా చేయి పడని పడవ ఈ రేవులో నిలబడిందా ఎప్పుడైనా?"

బయల్దేరే ముందు రోజు సాయంత్రం బోటు ఒడ్డున దుంగల మీద ఉంది. మావయ్య ఇంట్లో లేడు. తాత బకెట్ తీసుకుని ఒడ్డుకి వెళ్లాడు.

కొత్త చెక్క పడవని ఎవరూ నేరుగా సముద్రంలోకి తోయరు. ఎండకి పలకలు ఎండి సందులు విచ్చుకుని ఉంటాయి. ముందు రోజే పడవ నిండా నీళ్లు పోసి వదిలేస్తే, చెక్క ఆ నీళ్లు పీల్చుకుని ఉబ్బి, సందులు వాటంతటవే మూసుకుపోతాయి. దాన్నే పడవకి నీళ్లు తాగించడం అంటారు. తాత తన జన్మంతా కొత్త పడవలకి నీళ్లు తాగించాడు. ఇది చెక్క కాదని ఆయనకి తెలియదా అంటే, తెలుసు. ఆయనకి తెలుసు గానీ ఆయన చేతులకి తెలియదు. చీకటి పడేదాకా సముద్రంలోంచి ముంచుకొచ్చి పోస్తూనే ఉన్నాడు. నడుం పట్టేసింది. ఇంటికెళ్లి అమ్మమ్మతో వీపుకి కాపడం పెట్టించుకుంటూ, "రేపు చూడు" అన్నాడు.

అమ్మమ్మ నిజంగానే చూసింది. ఒడ్డున కూర్చుని చిరిగిన వల బాగుచేసుకోవడం ఆమె రోజూ చేసే పనే కాబట్టి, చూడకుండా ఉండటానికి వీల్లేకపోయింది.

తెల్లవారేసరికి బోటు తొట్టిలా నిండి ఉంది. కింద పరిచిన పలకలు పైకి తేలాయి. ముందు వచ్చినవాడు నవ్వాడు, వాడి నవ్వు విని ఇంకొకడు వచ్చాడు, కాసేపటికి రేవు సగం అక్కడే ఉంది. ఇన్నేళ్లుగా తాత ఎవరెవరి పడవల్ని గేదెల తొట్టి అన్నాడో వాళ్లంతా తీరిగ్గా వచ్చి చూశారు. ఒకాయన అయితే వంగి, "గేదెలేవి పెద్దాయనా, ఇంకా రాలేదా?" అని అడిగాడు.

మావయ్య వచ్చాడు. వెనకే ఇంజన్ మెకానిక్. కొత్త ఇంజన్ కదా, మొదటి రోజు తోడు రమ్మన్నారు. వాడి చేతుల నలుపు ఎప్పటికీ వదలదు, అందుకే వాణ్ని గ్రీజు అంటారు. వాడి వెనక మావయ్య బావమరిది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, జుట్టు నున్నగా దువ్వుకుని తిరిగే ఆయనకి హీరో అని పేరు పెట్టింది తాతే, వెక్కిరింపుగా. ఆయన మెప్పు అనుకుని ఆ పేరే ఉంచేసుకున్నాడు.

మావయ్య బోటులోకి తొంగి చూశాడు. "ఎవరు పోశారు?"

"నేనే," అన్నాడు తాత. "కొత్త పడవ కదరా, నీళ్లు తాగించద్దూ?"

"తాగిందా?"

తాత తేలుతున్న పలకని చేత్తో లోపలికి నొక్కాడు.

"చెప్పు నాన్నా, ఎంత తాగింది? ఇంట్లో ప్లాస్టిక్ బకెట్ ఉంది, దానికీ తాగిస్తున్నావా రోజూ? చెంబుకి?"

జనం ఘొల్లుమన్నారు. తాత తల పక్కకి తిప్పుకున్నాడు. ఆ పక్కన కూడా జనమే ఉన్నారు.

గ్రీజు వెనక్కి వెళ్లి వంగి చూశాడు. "కంగారేం లేదన్నా. అడుగున చిల్లు ఉంది, దానికి మర బిరడా ఉంటుంది. తిప్పి తీస్తే నీళ్లన్నీ పోతాయి. నేను తీస్తా ఉండు."

"నువ్వెందుకు? పోసినాయనే తీస్తాడు," అన్నాడు మావయ్య.

తాత మోకాళ్ల మీద కూర్చుని, తర్వాత పొట్ట మీద పాకి, బోటు వెనక అడుక్కి దూరాడు. బిరడా బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో తిప్పాడు. అది ఊడీ ఊడగానే రాత్రంతా నిలిచిన నీళ్లు ధారగా తల మీద పడ్డాయి. పక్కకి తప్పుకోవడానికి దుంగ అడ్డం. మొత్తం కారేదాకా అలాగే కింద ఉండిపోయాడు. పైన ఎవరో, "ఇప్పుడు తాగుతోందర్రా! పడవ కాదు, పెద్దాయన!" అన్నారు. ఆ నవ్వుల్లో మావయ్య నవ్వు కూడా వినపడింది తాతకి. తెడ్డు దెబ్బల రోజుల్లో నవ్వింది ఎవరో, ఏడ్చింది ఎవరో ఆయనకి గుర్తొచ్చిందో లేదో గానీ, బయటికి వచ్చి చొక్కా పిండుకుంటూ ఒకటే అన్నాడు. "సరేరా. ఇంక పద. పిడి నేను పడతాను."

"నువ్వు ఇంటికెళ్లు నాన్నా. బావమరిది పడతాడు."

"ఎవరు? ఈ హీరోనా? వీడు స్నానాల గదిలో నీళ్లు కదిలినా వాంతి చేసుకుంటాడు కదరా!"

"వాంతి చేసుకుంటే కడుక్కుంటాం. బకెట్ తేవడానికి నువ్వు మాత్రం రాకు." మావయ్య గొంతు పెంచలేదు. తడిసిపోయి నిలబడ్డ తాతని ఒకసారి పైనుంచి కిందిదాకా చూశాడు. "ఏడుస్తున్నావా ఏంటి? ఎందుకు, సముద్రంలో ఉప్పు తక్కువైందా?"

ఈసారి జనం నవ్వలేదు. వాళ్లకి అర్థం కాలేదు. అర్థమైనవాళ్లు ఇద్దరే, ఒకరు తాత, ఇంకొకరు అమ్మమ్మ. ఆమె చేతిలో సూది ఆగింది.

"పట్టండి, పట్టండి!" అన్నాడు మావయ్య. అందరూ భుజాలు ఆనించి దుంగల మీద బోటుని తోశారు. వల ఎక్కించారు, డబ్బాలు ఎక్కించారు, హీరో కళ్లద్దాలు తుడుచుకుని ఎక్కాడు. నీళ్లు తీసింది ఎవరో, చిల్లు మూసింది ఎవరో అడగాలని ఒక్కడికీ తోచలేదు.

తాత వచ్చి అమ్మమ్మ పక్కన తాళ్ల కుప్ప మీద కూలబడ్డాడు. అగ్గిపెట్టె కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. అగ్గిపెట్టె తడిసి ముద్దయింది. దాని పక్కన గట్టిగా, గుండ్రంగా ఇంకొకటి తగిలింది.

బోటు అప్పటికి మోకాలి లోతులో ఉంది. ఒక్క కేక చాలు.

తాత కేక వేయలేదు. జేబులో చెయ్యి అలాగే ఉంచి చూస్తూ కూర్చున్నాడు. వాడు ఒక్కసారి వెనక్కి తిరగాలి. తిరిగి "నాన్నా" అనాలి, పిలవడానికి కాకపోయినా ఏదో ఒకదానికి. అప్పుడు లేచి, బిరడా తీసి అందరి ముందూ ఎత్తి చూపిస్తాడు. అప్పుడు ఎవరు నవ్వుతారో చూద్దాం. మనసులో ఆ మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు. "ఏమర్రా, అడుగున చిల్లుతో ఎక్కడికి, కాశీకా?" బాగా కుదిరింది.

నడుం లోతు వచ్చింది. ఇంజన్ అందుకుంది. మావయ్య నిజంగానే వెనక్కి తిరిగాడు. తాత సగం లేచాడు. మావయ్య చెయ్యి ఎత్తి, కోళ్లని తోలినట్టు ఇంటికి పొమ్మని ఊపి, అటు తిరిగిపోయాడు.

తాత మళ్లీ కూర్చున్నాడు. బోటు రాళ్ల గట్టు చివరిదాకా వెళ్లేంతసేపు కూర్చున్నాడు. ఆ తర్వాత ఏమైందో, ఒక్క ఉదుటున లేచి నీళ్లలోకి పరుగెత్తాడు. "ఒరేయ్! ఆపండ్రా! బిరడా! బిరడా నా దగ్గరుంది!"

ఇంజన్ మోతలో ఏం వినపడుతుంది? వాళ్లకి కనపడింది గంతులేస్తున్న ముసలాయన. హీరో పిడి వదిలేసి, తాతలాగే రెండు చేతులూ ఎత్తి గంతులేసి చూపించాడు. ముగ్గురూ కడుపుబ్బ నవ్వడం ఒడ్డు నుంచి కూడా తెలిసింది.

బోటు పరుగెడుతున్నంతసేపూ లోపలికి నీళ్లు పెద్దగా రాలేదు. గట్టు దాటి, ఆగి, వల దించడం మొదలుపెట్టాకే అసలు సంగతి మొదలైంది. కింద పరిచిన పలకల వల్ల ముందు ఎవరికీ తెలియలేదు. వెనక భాగం బరువెక్కితే వల తడిసిందనుకున్నారు. హీరో వాంతి చేసుకుంటూ ఉంటే ఆయన్ని పట్టుకోవడంలో కొంతసేపు పోయింది. పలకలు పైకి తేలేసరికి ఇంజన్ సగం మునిగింది. ఇక అది పలకలేదు. ఫైబర్ బోటు పూర్తిగా మునగదు, అంచుల దాకా మునిగి అలాగే తేలుతుంది. దాన్ని పట్టుకుని ముగ్గురూ వేలాడారు. చివరికి ఇంకో పడవవాళ్లు తాడు కట్టి, చచ్చిన గేదెని లాగినట్టు ఒడ్డుకి లాక్కొచ్చారు. వల సగం పోయింది. కళ్లద్దాలూ పోయాయి.

ఒడ్డుకి రాగానే మావయ్య చేసిన మొదటి పని గ్రీజు చెంప పగలగొట్టడం. "బిరడా పెట్టమని నీకు వేరే చెప్పాలా? నా పుట్టి ముంచావు కదరా!"

"నేను తీయలేదన్నా!" అన్నాడు గ్రీజు చెంప పట్టుకుని. రెండోది పడింది.

తాత చెయ్యి జేబులోనే ఉంది. అలాగే ఉంచి ఇంటికెళ్లిపోతే అడిగేవాడు లేడు. అమ్మమ్మ వల మీంచి తల ఎత్తలేదు. "నీ జేబు బరువుగా ఉన్నట్టుంది, ఏమయ్యా," అంది మెల్లిగా.

మూడో దెబ్బకి చెయ్యి లేచేలోపు తాత వెళ్లి బిరడా మావయ్య ముందు పట్టాడు.

"నీ దగ్గరుందని ఎప్పుడు తెలిసింది?" అని అడిగాడు మావయ్య.

దూరం వెళ్లాకే చూశానని చెప్పొచ్చు. అరవడం అందరూ చూశారు, నమ్ముతారు కూడా. కానీ ఆ నోరు పెద్దనోరు కదా, చిన్న మాట చెప్పడం దానికి ఎప్పుడూ చేతకాలేదు.

"మోకాలి లోతులో ఉన్నప్పుడు," అన్నాడు తాత.

మావయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. చెయ్యి చేసుకుంటాడేమో అనుకున్నారంతా. చేసుకోలేదు. బిరడా తీసుకుని, గ్రీజు భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, వెళ్లిపోయాడు.

ఇంజన్ విప్పి ఆరబెట్టి మళ్లీ బిగించేదాకా ఇంట్లో ఎవరూ తాతతో మాట్లాడలేదు. ఆయన పళ్లెం ఆయన ముందు పడేది, అంతే. బోటు మళ్లీ బయల్దేరే రోజు తెల్లవారుజామున మావయ్యే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "లే. నువ్వూ వస్తున్నావ్."

తాత చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని పరుగెత్తాడు. రేవులో కనపడిన ప్రతివాడికీ, "వెళ్తున్నా, వెళ్తున్నా" అని చెప్పాడు. బోటు ఎక్కి, నేరుగా పిడి దగ్గరికి వెళ్లి చెయ్యి చాచాడు.

"అక్కడ కాదు," అన్నాడు మావయ్య. పిడి దగ్గర హీరో కొత్త కళ్లద్దాలతో నిలబడి ఉన్నాడు. మావయ్య ఆయన కాళ్ల కింద, బోటు అడుగున బిరడా ఉన్న చోటు చూపించాడు. "దాని మీద కూర్చో. లేవకు. ఇక నుంచి రోజూ నీ చోటు అదే. అది ఊడితే ముందు నీకే తెలుస్తుంది, మోకాలి లోతు దాకా ఆగక్కర్లేదు."

తాత గ్రీజు వైపు చూశాడు. వాడు చూపు తిప్పుకున్నాడు.

తాత కూర్చున్నాడు. ఆ చోటు ఇరుకు, కాళ్లు చాపడానికి లేదు. మొహం ఒడ్డు వైపే ఉంటుంది, సముద్రం కనపడదు. గట్టు దాటేలోపే హీరో వాంతి చేసుకున్నాడు, అది ఎవరి మీద పడాలో వాళ్ల మీదే పడింది. తాత చేత్తో తుడుచుకుని, తల ఎత్తకుండానే, "పిడి ఎడమకి పట్టరా హీరో. ఎడమకి," అన్నాడు.

హీరో మావయ్య వైపు చూశాడు. మావయ్య వల సర్దుకుంటున్నాడు. పిడి కుడికే ఉండిపోయింది.