గడ్డి అడుగున వేడి

నా చిన్నప్పుడు, మామిడి కోతకొచ్చిన రోజుల్లో, ఓ తుఫాను మా ఆగిరిపల్లి తోటల మీదుగా వెళ్లిపోయింది. వెళ్లిపోయిందని అందరూ అన్నారు. అది బలహీనపడిందని, మిగిలిన మబ్బులు తిరిగి సముద్రం వైపు జరుగుతున్నాయని పొద్దున రేడియోలో కూడా చెప్పారు. మా నాన్న హమ్మయ్య అనుకున్నాడు. మా నాయనమ్మ మాత్రం రేడియో వైపు అదోలా చూసింది. ఆవిడ పుట్టింది బందరు దగ్గర, సముద్రం ఒడ్డున. ఆవిడ సముద్రం కబుర్లు మా మామిడి ఊళ్లో ఎవరూ చెవిన పెట్టేవారు కాదు.

నాన్న అప్పుడు ఓ తోట కౌలుకు తీసుకున్నాడు. రాలిన కాయలు వెంటనే ఏరకపోతే కుళ్లిపోతాయి, లేదంటే ఎవరో ఒకరు ఎత్తుకుపోతారు. అందుకని తోటలోని కాపలా గుడిసెలో రెండు రోజులు ఉండిపోతానని గోతాలు సర్దుకున్నాడు. ఆ గుడిసె ఓ పెద్ద రసాల చెట్టు కింద ఉండేది.

నాకు మాత్రం ఆ పూట ఏదోలా ఉంది. గాలి లేదు, ఆకు కదలడం లేదు. వెలుతురు పసుపు నీళ్లలా ఉంది. పెరట్లో పగిలిన కాయలు ఎక్కడ పడితే అక్కడ పడి ఉన్నాయి, సొన వాసన గుప్పుమంటోంది, అయినా ఒక్క ఈగ వాలలేదు. ఒక్క చీమ రాలేదు. కాకులు ఏమయ్యాయో! ఎదురుగా అన్ని కాయలుంటే చిన్నపిల్ల ఏరుకోకుండా ఉంటుందా? నేను ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

నాయనమ్మ నన్ను పాకలోకి పిలిచింది. గాలివానకు ముందు కోసిన కాయలు అక్కడ వరిగడ్డిలో మగ్గేసి ఉన్నాయి. జల్లు తగిలి పైగడ్డి చల్లగా ఉంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని మోచేతి దాకా లోపలికి తోసింది. అమ్మో, ఎంత వేడి! జ్వరం వచ్చిన మనిషి ఒళ్లు తాకినట్టుంది. లోపల ఏదో ఊపిరి తీస్తోందనిపించి చెయ్యి లాక్కోబోయాను. ఆవిడ వదల్లేదు.

"వేసవంతా కాగిన సముద్రం కూడా ఇంతే తల్లీ. చచ్చిన గాలి దాని మీదకి పోయిందంటే మళ్లీ లేచి కూర్చుంటుంది," అంది. నిజంగా వస్తుందా అని అడిగాను. "ఏమో, రాకపోవచ్చు కూడా. కానీ ఆ గుడిసెలో ఉండేది నా కొడుకు."

ఇదే మాట నాన్నతో అంటే నవ్వేశాడు. "ఊరుకోమ్మా, నీదంతా చాదస్తం," అని గోతాలు భుజాన వేసుకున్నాడు. అంతే, నాయనమ్మ గుండె పట్టుకుని గడప దగ్గర కూలబడింది. నాన్న గోతాలు పారేసి పరిగెత్తుకొచ్చాడు. నేను ఏడుపు లంకించుకున్నాను. నీళ్లు పట్టబోతుంటే ఆవిడ ఎవరూ చూడకుండా నా చిటికెన వేలు గట్టిగా నొక్కింది. నా ఏడుపు టక్కున ఆగిపోయింది. చిన్న అబద్ధమాడినా మమ్మల్ని మోకాళ్ల మీద నిలబెట్టి ప్రార్థన చేయించే మనిషి, కళ్లు మూసుకుని మూలుగుతోంది!

నాన్న వెళ్లలేదు. దీపాలు పెట్టే వేళకు గాలి వచ్చింది. మొదటిసారి వచ్చిన దిక్కు నుంచి కాదు, దానికి ఎదురు దిక్కు నుంచి. తెల్లారి తోటకు వెళ్లి చూస్తే, మొదటి గాలికే వేళ్లు వదులైన ఆ పెద్ద రసాల చెట్టు గుడిసె మీద పడి ఉంది. గుడిసె ఎక్కడుందో కూడా తెలియలేదు. నాన్న ఆ కొమ్మల ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇంటికొచ్చి నాయనమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. ఆ ఆదివారం చర్చిలో నాయనమ్మ అందరికన్నా ఎక్కువసేపు మోకరించింది.

ఇప్పుడు తుఫాను వెళ్లిపోయిందని మా మనవరాలు ఫోనులో మబ్బుల బొమ్మలు చూపిస్తుంది. మళ్లీ బలపడుతుందో లేదో ఇంకా తేలలేదట. సరేనమ్మా అంటాను. కానీ ఇంట్లో ఎవరైనా బయల్దేరబోతుంటే నా మోచేతి దాకా ఆ వేడి తగులుతుంది. ఇవాళ్టికి ఆగండర్రా అని బతిమాలతాను. వినకపోతే, గుండె పట్టుకోవడం నాకూ వచ్చు.