జల్లాక్ నుంచి సనాబిస్ దాకా బాపు చెప్పిన రోడ్డు

బహ్రెయిన్ రాజధాని మనామాలోని పబ్లిక్ లైబ్రరీలో ఆ రోడ్డు గురించి దొరికినవన్నీ చదివాను. ఒక అట్లాసు, ప్రభుత్వం అచ్చు వేసిన రెండు పుస్తకాలు, పాత పత్రికల కట్టలు. పదో తరగతి తప్పి, ఆ తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని సొంతంగా ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. ఒక్కో పేజీకి నాకు ఒక్కో శుక్రవారం పట్టేది. రోడ్డు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో, ఏ కూడలిలో సిగ్నళ్ళు తీసేసి ఫ్లైఓవరు కట్టాలనుకున్నారో వాటిలో ఉంది. దాని అంచున రాళ్ళు పరిచిన మనిషికి ఏ మలుపు దగ్గర ఏ ఉత్తరం అందిందో మాత్రం ఎక్కడా లేదు. ఆ సంగతి తెలిసినవాడు మా బాపు. ఒక ఎండాకాలంలో, మధ్యాహ్నపు వేళల్లో నాకు చెప్పాడు. ఆయన ఇప్పుడు లేడు. నేనూ మరిచిపోతే ఆ రోడ్డు చరిత్రలో సగం పోయినట్టే. అందుకని రాస్తున్నాను.

రోడ్డు దారి ముందు చెబుతాను. బహ్రెయిన్ చిన్న ద్వీపం. ఉత్తరాన సముద్రం ఒడ్డున సీఫ్, సనాబిస్ ఎదురెదురుగా ఉంటాయి. వాటి మధ్య నుంచి రోడ్డు దక్షిణానికి తిరుగుతుంది. బుదయ్య రోడ్డును దాటుతుంది, సౌదీ వంతెనకు వెళ్ళే రోడ్డును దాటుతుంది. బూరీ పక్కగా, హమద్ టౌన్ మీదుగా సాగి, పడమటి ఒడ్డున జల్లాక్ వైపు పోతుంది. దానికి రాజకుటుంబంలో ఒకరి పేరు ఉంది. మేం కూలీలం మాత్రం 'పెద్ద రోడ్డు' అనేవాళ్ళం.

నాకు ఏడాది నిండకముందే బాపు ఆ దేశం వెళ్ళాడు. మా ఊళ్ళో బహ్రెయిన్ కూడా దుబాయే. "మీ బాపు దుబాయిల ఉన్నడు" అంటే అది ఏ దుబాయో ఎవరూ అడగరు. మూడేళ్ళకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చేవాడు. నా పదో ఏట అమ్మ చనిపోయింది. బాపు రాలేదు. కఫీల్, అంటే అక్కడి యజమాని, పాస్‌పోర్టు ఇవ్వలేదని ఊరంతా అనుకుంది, మేమూ అనుకున్నాం. పద్నాలుగేళ్ళ మా అక్క అన్నీ దగ్గరుండి చూసింది. మరుసటి ఏడాది బాపు వచ్చినప్పుడు ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఇరవై నాలుగేళ్ళ వయసులో నేనూ బహ్రెయిన్ వెళ్ళాను. వెళ్ళింది పనికోసమే. ఆయన దగ్గర కూర్చుని ఆ ఒక్క మాట అడగాలన్న కోరిక కూడా నాతో విమానం ఎక్కింది.

ఒకే దేశంలో ఉన్నా కలవడం తేలిక కాలేదు. నా క్యాంపు సల్మాబాద్‌లో, ఆయన క్యాంపు సిత్రాలో. శుక్రవారం నాకు సెలవు, ఆయనకు ఓవర్‌టైం. అప్పటికి బాపు రాళ్ళ పని చేయలేకపోతున్నాడు. చెట్లకు నీళ్ళు పట్టే కంపెనీలో చేరాడు. మా ఇద్దరినీ ఒకచోట చేర్చింది ఆ పెద్ద రోడ్డే. సనాబిస్ వైపు మా కంపెనీ ఫ్లైఓవరు కడుతోంది. అవతల సీఫ్ వైపు, మాల్‌ల ముందు వరసగా నాటిన ఈత చెట్లకు బాపు పైపు పట్టుకుని తిరుగుతున్నాడు. కూడలి తవ్వినందువల్ల బండ్లను పక్కదారికి మళ్ళించారు. మధ్య వరసలు ఖాళీగా పడి ఉన్నాయి. కాంక్రీటు బ్యారియర్ల మధ్య ఒకచోట మనిషి పట్టేంత సందు వదిలారు.

ఎండాకాలం మధ్యాహ్నాల్లో బయట పని చేయించకూడదన్న నియమం ఆ ఏడే వచ్చింది. జులై, ఆగస్టు నెలల్లో పన్నెండు నుంచి నాలుగు దాకా పని బంద్. పన్నెండు కాగానే బాపు టిఫిన్ గిన్నె పట్టుకుని ఆ సందులోంచి ఇవతలికి వచ్చేవాడు. సగం కట్టిన ఫ్లైఓవరు కింద అట్టలు పరుచుకుని, ఖుబ్బుస్ రొట్టెలు, టమాటా పప్పు, లబన్ మజ్జిగ పొట్లాలు ముందు పెట్టుకుని కూర్చునేవాళ్ళం. పుట్టి బుద్ధెరిగిన తర్వాత ఆయనతో వరసగా అన్నిరోజులు తినడం నాకదే మొదలు.

"ఏమ్రా, మొన్న సెలవునాడు ఏం జదివినవ్?" అని ఆయనే మొదలుపెట్టేవాడు.

"సీఫ్ అంటే అరబ్బీల ఒడ్డు అట బాపూ. ఆ మాల్‌లున్న జాగల శానమట్టుకు సముద్రమేనట. మట్టి పోసి నింపిండ్రట."

"అది నీకు పుస్తకం జెప్పాల్నా? గా నీళ్ళల్ల మోకాళ్ళ మట్టుకు నిలవడి రాళ్ళేసిన. పుస్తకం రాసినాయిన కాళ్ళు తడిసినయా?"

హమద్ టౌన్ దగ్గరి మట్టి దిబ్బలు వేల ఏళ్ళ నాటి సమాధులని చెబితే కొంతసేపు నమలడం ఆపాడు. "సమాధులా? తెల్వకపాయె. వాటి నీడల గూసోనే సద్ది తింటిమి గదరా. ఎవ్వరు ఏమనలే పాపం."

బాపు రోడ్డు చెప్పే తీరు వేరు. కిలోమీటర్లు ఆయనకు తెలియవు. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలే ఆయనకు గుర్తులు. "జల్లాక్ కాడ నువ్వు నడిచినవ్" అనేవాడు. అంటే అక్కడ రోడ్డంచు కర్బు రాళ్ళు పరుస్తున్నప్పుడు, నేను నడక నేర్చానని రాసిన ఉత్తరం అందిందన్న మాట. హమద్ టౌన్ దగ్గర నన్ను బడిలో వేశారు. బూరీ దగ్గర నాకు కామెర్లు వచ్చాయి. ఆ ఉత్తరం చదివించుకున్నాక, తగ్గిందన్న రెండో ఉత్తరం వచ్చేదాకా ఆయనకు అన్నం సహించలేదు. సౌదీ రోడ్డు కలిసేచోట నేను ఎడ్లబండి మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను, నాకైతే నొప్పి తప్ప ఏమీ గుర్తులేదు. బుదయ్య రోడ్డు దగ్గర నాలుగో తరగతిలో మొదటివాడిగా వచ్చాను. నేను ఆయన లేకుండా పెరిగాననుకున్నాను. ఆయన లెక్క ప్రకారం నేను ఆ రోడ్డు వెంట, ఆయన కళ్ళ ముందే పెరిగాను.

బుదయ్య రోడ్డు దాటాక మిగిలింది సనాబిస్. మేం కూర్చున్న చోటే. అక్కడికి రాగానే "ఇగ ఖలాస్" అని తువ్వాలు మొహం మీద కప్పుకుని పడుకునేవాడు. మర్నాడు అడిగితే మళ్ళీ జల్లాక్ నుంచి ఎత్తుకునేవాడు. బుదయ్య తర్వాత వచ్చిన ఉత్తరం ఏమిటో నాకు తెలుసు. అడగడానికి నోరు వచ్చేది కాదు. రేపు అడుగుదాం, ఇంకా నెల ఉంది కదా అనుకునేవాణ్ణి. ఆగస్టు చివర ఆయన వీసా ముగుస్తోంది. పూర్తిగా ఇంటికి వెళ్ళిపోతున్నాడు.

మా గ్యాంగులో కోరుట్ల మనిషి ఒకడుండేవాడు. అందరం కోరుట్లన్న అనేవాళ్ళం. మా పక్కనే పడుకుని అన్నీ వినేవాడు. "లైబ్రరీ సాబ్, ఇయ్యాల యాడిదాక అచ్చినవ్? బడికి పోయినవా, ఇంక పాకుతనే ఉన్నవా?" అని ఏడిపించేవాడు. ఒకనాడు మాత్రం బాపు నిద్రపోయాక నా వైపు తిరిగి, "అడుగరాదుర. ఆయిన పోయినంక ఎవ్వల్నడుగుతవ్?" అన్నాడు.

ఆగస్టు మొదటి వారంలో ఒక పొద్దున క్రేను బండి బ్యారియర్లు వేసుకుని వచ్చింది. కింది వరసల మీద బండ్లు వదిలే రోజు దగ్గర పడిందని, సందులన్నీ మూసేయమని పైనుంచి మాట వచ్చిందట. మూయాల్సింది మా గ్యాంగే. పదకొండున్నరకు చివరి దిమ్మె మిగిలింది. అది కూర్చుంటే సీఫ్ వేరు, సనాబిస్ వేరు.

మా ఫోర్‌మన్ మలయాళీ. ఆయన దగ్గరికి పోయి, పన్నెండు తర్వాత దింపుదామని హిందీలో బతిమాలాను.

"బారా కే బాద్ కామ్ మనా హై," అన్నాడు. పన్నెండు తర్వాత పని కూడదన్న, మాకు ఆ మధ్యాహ్నాలు ఇచ్చిన నియమమే అది. కాదనడానికి లేదు. ఆయన నా మొహం చూశాడు. మా భోజనాలు రోజూ చూస్తున్నవాడే. గడియారం చూసుకుని, అరగంట ఆగమన్నట్టు క్రేను డ్రైవరుకు చెయ్యి ఎత్తి చూపించాడు. "ఆధా ఘంటా. ఉస్కే బాద్ యల్లా."

సందులోంచి అవతలికి పరిగెత్తాను. బాపు నన్ను చూసి కంగారుపడ్డాడు. విషయం చెప్పి చెయ్యి పట్టుకున్నాను. పైపును ఒక చెట్టు మొదట్లో పడేసి, "నీళ్ళు పార్తనే ఉంటయ్ తియ్" అని నాతో వచ్చాడు. రోడ్డు మధ్యకు రాగానే అడిగేశాను.

"అమ్మ సచ్చిపోయినప్పుడు నువ్వు ఏడున్నవ్ బాపూ?"

ఆయన నా వైపు చూడలేదు. చెప్పుతో నేలను తట్టాడు.

"గీడనే. గీడ రాళ్ళు పరుస్తున్నం. క్యాంపు కాడ దుకాణపోనికి ఫోనచ్చింది."

"కఫీల్ పోనియ్యలేదా?"

"ఎవ్వలన్నరు? పాపం ఆయిన మంచోడు. పాస్‌పోర్టు చేతుల వెట్టి, పో అన్నడు. టికెట్ గూడ ఇస్త అన్నడు."

నా కాళ్ళ కింద నేల కాలుతోంది. "మరెందుకు రాలే?"

భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "నేను ఇంటికస్తే మీరందరు లేసి నిలవడుదురు. కుర్సీ తెచ్చి ఏస్తురు. నీళ్ళు ఇస్తురు. నువ్వైతే మీ అక్క ఎన్కకు పోయి తొంగిచూద్దువు. మీ అమ్మ ఒక్కతే... 'అట్ల కూసున్నవేంది, బర్రెకు గడ్డెయ్యి పో' అనేటిది. ఆమె లేని ఇంట్ల పోయి ఆ కుర్సీల కూసునుడు నాతోని కాదనిపిచ్చింది. భయమైంది కొడుకా."

కోపం తెచ్చుకోవాలని ఎన్నో ఏళ్ళుగా సిద్ధంగా ఉన్నాను. ఆ కోపం కఫీల్ మీదో, బాపు మీదో తేలేది కాదు, అంతే. "అక్క పద్నాలుగేండ్ల పిల్ల. అన్ని అదే జేసింది" అన్నాను.

"ఎర్కే" అన్నాడు. మళ్ళీ ఒకసారి "ఎర్కేరా" అన్నాడు.

ఫోర్‌మన్ విజిల్ వేశాడు. బాపు భుజం మీది తువ్వాలు తీసి నా మెడ మీద చెమట తుడిచాడు. అంతకు ముందు ఎప్పుడూ అలా చేయలేదు. సందు దాటి అవతలికి వెళ్ళాడు. క్రేను దిమ్మెను దింపింది. దాన్ని పక్కదానితో కలిపే ఇనుప కడ్డీ నేనే దూర్చాను. అవతల పైపు నీళ్ళు కాలిబాట మీదికి పారాయి. ఆయన కంపెనీ సూపర్‌వైజరు చేతులు ఊపుతూ ఆయన్ను తిడుతుండడం కనిపించింది గానీ మాట వినబడలేదు.

వారానికి బండ్లు వదిలారు. అటు మూడు వరసలు, ఇటు మూడు వరసలు. మనిషి దాటడానికి వీల్లేదు. బస్సులో చుట్టూ తిరిగి వెళదామంటే, విశ్రాంతి వేళలోనూ సైటు దాటి పోవద్దన్నారు. పన్నెండు కాగానే ఆయన అవతల ఈత చెట్ల కింద, నేను ఇవతల ఫ్లైఓవరు కింద. చెయ్యి ఎత్తేవాడు, నేనూ ఎత్తేవాణ్ణి. బస్సు అడ్డం వచ్చి పోయేది. ఆయన ఇంకా చెయ్యి ఎత్తుకునే ఉండేవాడు.

ఆ శుక్రవారం లైబ్రరీకి వెళ్ళలేదు. మనామాలోనే హూరాలో ఒక ఫోన్ల దుకాణానికి పోయి అక్కకు ఫోన్ చేశాను. పెళ్ళయినా అక్క, బావ మా ఇంట్లోనే ఉంటున్నారు.

"అక్కా, నెలాఖరుకు బాపు అత్తుండు. కుర్సీ ఎయ్యకు."

"ఎర్రిలేసిందా ఏందిరా నీకు? మరి నిలవెట్టాల్నా?"

ఉన్నది ఉన్నట్టు చెప్పాను.  

"గిన్నేండ్లు నేను ఆ కఫీల్‌ను తిట్టుకున్న గదరా," అంది. ఫోన్ పెట్టేసింది.

బాపు వెళ్ళే రోజు నాకు డ్యూటీ. ఇల్లు చేరిన నాలుగో రోజున ఫోన్‌లో దొరికాడు. "మీ అక్క నాతోని చిక్కుడుకాయ గిల్లిపిచ్చిందిరా. నార తీసుడు సుత రాదా అని తిట్టింది" అన్నాడు. గొంతులో నవ్వు ఉంది. వెనక అక్క ఏదో అరుస్తోంది. ఆ ఇంట్లో, ఆ అరుపు దగ్గర నేను లేను.

ఆ తర్వాత ఆయన రెండేళ్ళు బతికాడు. ఒక్క సెలవులో చూశాను. నేను ఇంకా కొన్నేళ్ళు అక్కడే పనిచేశాను. కంపెనీ బస్సు హమద్ టౌన్ నుంచి సీఫ్ వైపు వస్తుంటే కిటికీ పక్కన కూర్చునేవాణ్ణి. ఇక్కడ నాకు ఆరేళ్ళు, ఇక్కడ నాకు కామెర్లు, అని మనసులో అనుకుంటూ వచ్చేవాణ్ణి. సనాబిస్ దగ్గర బస్సు ఆగదు. ఒక్కసారైనా ఆగితే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళకు కృతజ్ఞతలు చెప్పాలి. ఎవరి అసలు పేర్లూ రాయడం లేదు. మేం అక్కడ ఎలా పిలుచుకున్నామో అలాగే చెబుతున్నాను. అరగంట ఇచ్చిన ఫోర్‌మన్ సాబ్‌కు. అడగమని చెప్పిన కోరుట్లన్నకు. అట్లాసులో ఆ రోడ్డున్న పేజీని నకలు తీసి ఇచ్చి, చేతులు కడుక్కున్నాకే పుస్తకం ముట్టుకోమని ప్రతిసారీ గుర్తుచేసిన లైబ్రరీ చాచాకు. బాపుకు వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ క్యాంపులో చదివి పెట్టిన సిరిసిల్ల మామకు. మొదటి ఉత్తరాలు అమ్మ ఎవరెవరి చేతనో రాయించినా, తర్వాతవన్నీ తానే రాసిన మా అక్కకు. ఇదంతా చదివి వినిపిస్తే, నా చెయ్యి విరిగింది ఎడ్లబండి మీంచి పడి కాదని, సైకిలు మీంచి పడి అని అంది. బాపు భయపడతాడని ఉత్తరంలో బండి అని రాసిందట. ఎడ్లబండి నెమ్మదిగా పోతుంది కదా, అందుకని.